ఆటోపే పెట్టినా నెట్ ఎందుకు ఆగింది?

ఇంటి ఇంటర్నెట్, ఫోన్ బిల్లుల గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం. మరిచిపోయి గడువు దాటించినవాళ్లు వీళ్లలో తక్కువ. కట్టడానికి ఆటోపే (బిల్లు దానంతటదే అకౌంట్లోంచి కట్ కావడం) లాంటి ఏదో ఒక ఏర్పాటు చేసుకుని, అదే దెబ్బకొట్టినవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: జూన్ 18న కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాను. నెలకు 600 రూపాయల ప్లాన్. యూపీఐ ఆటోపే పెట్టి, పరిమితి 1,000 అని ఇచ్చాను. అకౌంట్లో డబ్బుంది. అయినా మొదటి బిల్లే కట్ కాలేదు, జూలైలో నెట్ ఆపేశారు. బ్యాంకును అడిగితే మా తప్పు లేదంటున్నారు. మరి ఎవరిది?
– ఉపాధ్యాయిని, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: బ్యాంకు చెప్పింది నిజమే. చిక్కంతా మీరు పెట్టిన 1,000 పరిమితితోనే.

పోస్ట్‌పెయిడ్ నెట్ కనెక్షన్లలో చాలావాటికి నెల అద్దె ముందుగా వసూలు చేస్తారు. మీ బిల్లు ఒకటో తేదీన తయారవుతుందనుకోండి. మొదటి బిల్లులో రెండు ముక్కలుంటాయి. జూన్ 18 నుంచి 30 వరకు వాడిన 13 రోజుల అద్దె ఒకటి, జూలై నెల మొత్తానికి ముందస్తు అద్దె ఇంకొకటి. 600ను 30తో భాగించి 13తో గుణిస్తే 260. దానికి జూలై 600 కలిపితే 860. దీనిమీద 18 శాతం జీఎస్‌టీ 154 రూపాయల 80 పైసలు. మొత్తం 1,014 రూపాయల 80 పైసలు. మీ పరిమితి 1,000. పదిహేను రూపాయల తేడాకి మొత్తం బిల్లు వెనక్కి పోయింది. పరిమితి దాటితే ఉన్నంతవరకు తీసుకుని మిగతాది తర్వాత అడిగే పద్ధతి ఆటోపేలో లేదు.

రెండో నెల నుంచి మీ బిల్లు 708 రూపాయలు, అంటే 600 మీద 18 శాతం పన్ను. అది 1,000 లోపే కాబట్టి ఇబ్బంది ఉండదు. ప్లాన్ ధర చూసి 600 అనో 700 అనో పరిమితి పెట్టుకున్నవాళ్లకు మాత్రం ప్రతి నెలా ఇదే గొడవ. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే ధరలో పన్ను సాధారణంగా ఉండదని గుర్తుంచుకోవాలి.

పరిమితి ఎక్కువ పెడితే ఎక్కువ లాగేస్తారేమో అన్న భయం చాలామందిలో ఉంది. కంపెనీ బిల్లు ఎంత పంపితే అంతే కట్ అవుతుంది, పరిమితి పై హద్దు మాత్రమే. 600 ప్లాన్‌కి 1,500 నుంచి 2,000 వరకు పెట్టుకోండి. 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ అడగకుండానే కట్ అవుతుంది, ఆ పైనైతే పిన్ కొట్టాలి. ఇంటి బిల్లు అంతదాకా పోదు కాబట్టి ఆ సంగతి వదిలేయండి.

పరిమితి మార్చడానికి మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి ‘ఆటోపే’ లేదా ‘మాండేట్లు’ (అంటే ఆటోపేకి మీరిచ్చిన అనుమతులు) అన్నచోట చూడండి. గరిష్ఠ మొత్తం, మొదలైన తేదీ, ముగిసే తేదీ అక్కడ ఉంటాయి. ముగిసే తేదీని కూడా ఒకసారి చూసిపెట్టుకోండి. మార్చే వీలు లేకపోతే పాతది రద్దుచేసి, నెట్ కంపెనీ సొంత యాప్‌లోంచి కొత్తది పెట్టండి. పాతది ఉండగానే కొత్తది పెడితే ఒకే బిల్లుకి రెండూ పనిచేసే ప్రమాదం ఉంది.

డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. ఎంత, ఏ రోజు అన్నది అందులో ఉంటుంది. బిల్లు ఎక్కువ వేశారనిపిస్తే దాన్ని ఆపుకునే అవకాశమూ అప్పుడే. ఈ సందేశం వచ్చాక మళ్లీ చేత్తో బిల్లు కట్టకండి. రెండుసార్లు కట్టిన కేసుల్లో ఎక్కువ భాగం ఇలా జరిగినవే.

2025 ఆగస్టు 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది. ఆటోపే చెల్లింపులు రద్దీ వేళల్లో, అంటే ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు, సాయంత్రం 5 నుంచి రాత్రి 9:30 వరకు జరగవు. ఒక ప్రయత్నం విఫలమైతే ఇంకో మూడుసార్లు ప్రయత్నించవచ్చు, అంతే. కాబట్టి ‘ఆ రోజు పొద్దున పదకొండుకి అకౌంట్లో వేస్తాలే’ అనుకోకండి. తెల్లవారుజామునే ప్రయత్నించి వెనక్కి పోయి ఉండొచ్చు. డబ్బు ముందురోజు రాత్రికే ఉండాలి.

జీతం ఐదో తేదీన పడి, బిల్లు మూడో తేదీన కట్ అయ్యేవాళ్లు బిల్లు తేదీ మార్చమని కంపెనీని అడగొచ్చు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే బోనస్సో ఏరియర్సో వచ్చిన నెల చూసి ఒక నెల బిల్లు అదనంగా కట్టేయండి. అది ఖాతాలో జమగా ఉండిపోతుంది. ఏదో ఒక నెల ఆటోపే తప్పినా ఆ జమ కాపాడుతుంది. మా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే ఏర్పాటు ఇదే.

కార్డు మీద ఆటోపే పెట్టినవాళ్లు కార్డు మారినప్పుడు అది ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. బ్యాంకు నుంచి నేరుగా కట్ అయ్యే నాచ్ మాండేట్‌లో ఇంకో ఖర్చుంది. బ్యాలెన్స్ లేక వెనక్కి పోతే బ్యాంకు జరిమానా వేరు, కంపెనీ ఆలస్య రుసుము వేరు. 708 రూపాయల బిల్లుకి ఆ రిస్కు ఎందుకు?

ప్రశ్న: మాది బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్, దానిమీదే నెట్. నాకు ఫోన్‌తో డబ్బు కట్టడం రాదు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి అక్కడినుంచి కడతానంటున్నాడు. నా ఓటీపీ, పాస్‌వర్డ్ వాడికి చెప్పాల్సి ఉంటుందా? కనెక్షన్ నా పేరు మీదుంది.
– విశ్రాంత ఉద్యోగి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఏదీ చెప్పక్కర్లేదండీ. ఎవరి బిల్లైనా ఎవరైనా కట్టొచ్చు, కనెక్షన్ నంబర్ తెలిస్తే చాలు. బిల్లు కడతామని చెప్పి ఎవరైనా మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగారంటే, అది బిల్లు కట్టే పని కాదని తెలుసుకోండి.

మీ అబ్బాయి తన యూపీఐ యాప్‌లోనో బ్యాంకు యాప్‌లోనో బిల్లుల విభాగంలో ‘ల్యాండ్‌లైన్’ లేదా ‘బ్రాడ్‌బ్యాండ్’ ఎంచుకుని బీఎస్ఎన్ఎల్ అని వెతకాలి. ఈ చెల్లింపులన్నీ భారత్ బిల్ పే వ్యవస్థ ద్వారా వెళ్తాయి. ఇప్పుడు దాన్ని భారత్ కనెక్ట్ అంటున్నారు. నంబర్‌ని ఎస్టీడీ కోడ్‌తో సహా ఇవ్వాలి. చిత్తూరు కోడ్ 08572, తర్వాత మీ ఆరంకెల నంబర్. తిరుపతిలో ఉన్న మీ బంధువులదైతే 0877, తర్వాత ఏడంకెలు. ఎటు చూసినా సున్నాతో కలిపి 11 అంకెలు రావాలి. తక్కువో ఎక్కువో ఉంటే ఎక్కడో తప్పు పడినట్టే. కొన్నిచోట్ల మొదటి సున్నా లేకుండా అడుగుతారు, కొన్నిచోట్ల అకౌంట్ నంబర్ కూడా అడుగుతారు. అది మీ బిల్లు మీద పైభాగంలో ఉంటుంది. బిల్లు ఒకటి ఫొటో తీసి అబ్బాయికి పంపేస్తే సరిపోతుంది.

నంబర్ కొట్టగానే తెరమీద మీ పేరు, బిల్లు మొత్తం, గడువు తేదీ కనిపిస్తాయి. పేరు మీదో కాదో చూశాకే కట్టమనండి. ఒక్క అంకె తప్పినా ఇంకెవరి బిల్లో కట్టినవాడవుతాడు, ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. మొదటిసారి కట్టాక ఆ నంబర్‌ని ‘నాన్న ఇల్లు’ అని సేవ్ చేసుకుంటే వచ్చే నెల మళ్లీ కొట్టే పని లేదు. మీ కరెంటు బిల్లుకీ ఇదే దారి, సర్వీస్ నంబర్ ఇస్తే చాలు.

ఆరు నెలలది ఒకేసారి కడతానంటే మాత్రం ఈ దారిలో కుదరకపోవచ్చు. ఏ కంపెనీ ఎంత మొత్తం తీసుకోవాలో అదే నిర్ణయించుకుంటుంది. కొందరు బిల్లు మొత్తమే కచ్చితంగా తీసుకుంటారు, కొందరు ఎక్కువైనా తీసుకుంటారు. మొత్తం మార్చడానికి తెర ఒప్పుకోకపోతే, ముందస్తు చెల్లింపు కోసం కంపెనీ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్లోనో చూడాలి.

అబ్బాయికి తీరిక లేని నెల మీరు నగదుతోనే కట్టాలంటే సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) కేంద్రాల్లోనూ భారత్ బిల్ పే ఉంటుంది. లావాదేవీ సంఖ్య ఉన్న అచ్చు రసీదు తీసుకోకుండా కదలకండి.

ప్రశ్న: గడువు రోజున యాప్‌లో బిల్లు కట్టాను. డబ్బు అకౌంట్లోంచి పోయింది. యాప్‌లో ‘పెండింగ్’ అని చూపిస్తోంది. నెట్ కంపెనీ అందలేదంటోంది. మళ్లీ కట్టాలా, ఆగాలా?
– రేణిగుంట

జవాబు: ముందు అది ‘పెండింగ్’ అవునో కాదో సరిగ్గా చూడండి. పెండింగ్ వేరు, ‘సక్సెస్’ అయ్యాక కూడా కంపెనీ ఖాతాలో పడకపోవడం వేరు. రెండింటికీ వెళ్లాల్సిన చోట్లు వేరు.

పెండింగ్ అయితే డబ్బు బ్యాంకుల మధ్య ఎక్కడో ఆగింది. అకౌంట్లోంచి పోయి కంపెనీకి చేరినట్టు ధ్రువీకరణ రాని యూపీఐ చెల్లింపును, లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి వేయాలి. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమమిది. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. అడగకుండానే ఇవ్వాలని నియమం. అయినా అడగడంలో తప్పు లేదు, అడగండి.

సక్సెస్ అయి కంపెనీ దగ్గర కనబడకపోతే, కట్టిన యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టాలి. బిల్లు చెల్లింపు కంపెనీ ఖాతాలో కనిపించడానికి కొన్నిసార్లు రెండు మూడు పనిదినాలు పడుతుంది. ఫిర్యాదుకి కావాల్సింది 12 అంకెల యూపీఐ రెఫరెన్స్ నంబర్. బ్యాంకు స్టేట్‌మెంట్లోనూ అది ఉంటుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే కస్టమర్ కేర్‌లో ముందుకు కదలదు, అంకెలు చెప్పాలి.

ఇక మళ్లీ కట్టాలా అన్నది. పోస్ట్‌పెయిడ్ అయి, ఇంట్లో ఆన్‌లైన్ పరీక్షో ఆఫీసు పనో ఉండి, నెట్ ఆగితే నష్టమనుకుంటే ఈసారి కంపెనీ సొంత యాప్‌లో కట్టేయండి. మొదటిది కూడా చేరితే వచ్చే నెల బిల్లులో సర్దుతారు. ప్రీపెయిడ్ అయితే తొందరపడకండి, రెండు రీఛార్జ్‌లూ ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి, డబ్బు వెనక్కి రాదు.

బ్యాంకుకి రాసి 30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. దారి తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి. ఇదంతా చదివాక మీకే తోచి ఉంటుంది: గడువుకి వారం ముందు కట్టి ఉంటే ఈ పెండింగ్ ఏ చిక్కూ తెచ్చేది కాదు.

ప్రశ్న: మా ఊళ్లో కేబుల్ ఆయనే నెట్ కూడా ఇస్తాడు. నెలనెలా దుడ్లు ఇస్తానే ఉండాము. రసీదు అడిగితే ‘యాడికి పోతాను లేమ్మా’ అంటాడు. పోయిన నెల దుడ్లిచ్చినాక కూడా లైను ఆగిపోయింది.
– చంద్రగిరి మండలం

జవాబు: ఆయన ఎక్కడికీ పోడు, నిజమే. ఆయన చేతికిచ్చిన డబ్బు కంపెనీ సర్వర్లో ఎప్పుడు పడిందన్నదే అసలు ప్రశ్న. ఆపరేటర్ల ద్వారా నడిచే కనెక్షన్లలో చాలావరకు ఆపరేటర్ తన లాగిన్‌లో ముందే డబ్బు వేసుకుని, అందులోంచి ఒక్కో ఇంటి కనెక్షన్ పొడిగిస్తాడు. ఆయన లాగిన్‌లో డబ్బు అయిపోతే మీరిచ్చిన మూడు రోజులకో నాలుగు రోజులకో పొడిగిస్తాడు. ఈలోపు కంపెనీ లెక్కలో మీ గడువు దాటిపోతుంది, లైను దానంతటదే ఆగుతుంది. ఆయన మోసగాడు కానక్కర్లేదు.

మీ కస్టమర్ నంబర్ ఆయన్నడిగి రాసి పెట్టుకోండి. పెట్టె మీదో దరఖాస్తు కాగితం మీదో ఉంటుంది. కంపెనీ రికార్డులో ఎవరి సెల్ నంబర్ ఉందో అడగండి. చాలా ఇళ్లకు ఆపరేటర్ తన నంబరే ఇచ్చి ఉంటాడు, అందుకే మీకు సందేశాలు రావు. దాన్ని మీ నంబర్‌కి మార్పించండి. ఆ తర్వాత డబ్బిచ్చిన రోజు రాత్రికి కంపెనీ నుంచి సందేశం రావాలి. రాకపోతే మర్నాడు పొద్దున్నే అడగొచ్చు. కంపెనీకి సొంత యాప్ ఉంటే నేరుగా అక్కడే కట్టుకోవచ్చు. నగదే ఇవ్వాల్సి వస్తే, ఒక నోటు పుస్తకంలో తేదీ, మొత్తం రాసి ఆయనతో సంతకం పెట్టించుకోండి. పాలవాడికి పెట్టే లెక్కే ఇదీ, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: నాకు పెన్షన్ ఒకటో తేదీన వస్తుంది. సెల్ రీఛార్జ్ మాత్రం ఒక్కో నెల ఒక్కో తేదీన అయిపోతోంది. ఎందుకు?
– పలమనేరు

జవాబు: మీది 28 రోజుల ప్లాన్. జనవరి ఒకటిన వేయిస్తే 28తో సరి. ప్రతి నెలా రెండు మూడు రోజులు వెనక్కి జరుగుతూ, ఏడాదికి 12 బదులు 13 రీఛార్జ్‌లు అవుతాయి. 13ను 28తో గుణిస్తే 364. 

2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీన రీఛార్జ్ చేసుకునే ప్లాన్ ఒకటి తప్పక ఉంచాలి. దుకాణంలో ‘నెల ప్లాన్’ అంటే 28 రోజులదే వేసేస్తారు. ‘ఒకటో తేదీ నుంచి ఒకటో తేదీకి వచ్చేది’ అని విడమరచి అడగండి. ధర కాస్త ఎక్కువుంటే, 28 రోజుల ధరను 13తో, దీని ధరను 12తో గుణించి పోల్చుకోండి.

ప్రశ్న: ‘ఈ రాత్రి 9:30కి మీ ఇంటర్నెట్ కట్ చేస్తాం, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి’ అని మెసేజ్ వచ్చింది. బిల్లు కట్టేశానే?
– కొర్లగుంట, తిరుపతి

జవాబు: మోసం. ఆ నంబర్‌కి ఫోన్ చేయకండి. కంపెనీ సందేశాలు పదంకెల సెల్ నంబర్ నుంచి రావు. అక్షరాల పేరుతో వస్తాయి, చివర ఒక గీత, సేవా సందేశమైతే ‘ఎస్’, లావాదేవీదైతే ‘టీ’ అనే ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. ఇంటర్నెట్లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లనూ నమ్మొద్దు, మీ బిల్లు మీద అచ్చయిన నంబరే వాడండి. ఫోన్ చేశాక వాళ్లు పది రూపాయలు కట్టమని లింకు పంపుతారు, లేదా మీ ఫోన్ తెర వాళ్లకు కనిపించే యాప్ ఒకటి వేసుకోమంటారు. అప్పటికే డబ్బు పోయుంటే క్షణం ఆగకుండా సైబర్ మోసాల సహాయ నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో అకౌంట్‌కి మారేలోపు ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది.

ప్రశ్న: నలుగురం రూమ్‌లో ఉంటూ నా పేరు మీద నెట్ పెట్టించాం. పరీక్షలయ్యాక ఖాళీ చేస్తున్నాం. ఆటోపే రద్దుచేస్తే కనెక్షన్ పోయినట్టేనా?
– ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి

జవాబు: కాదు. ఆటోపే డబ్బు పోయే దారి మాత్రమే. దాన్ని మూసినా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ మీద బిల్లు పడుతూనే ఉంటుంది. ముందు కంపెనీకి కనెక్షన్ తీసేయమని చెప్పి, ఫిర్యాదు నంబర్ లాంటి డాకెట్ నంబర్ రాసుకోండి. తర్వాత రౌటర్, దాని అడాప్టర్ రెండూ తిరిగిచ్చి రసీదు తీసుకోండి. అడాప్టర్ పోతే కొందరు దానికీ డబ్బు వేస్తారు. ఆఖరి బిల్లు వచ్చి, కట్టి, బాకీ సున్నా అని చూశాకే ఆటోపే రద్దుచేయాలి. డిపాజిట్ కట్టి ఉంటే అది ఏ అకౌంట్‌లో వేయాలో అప్పుడే చెప్పండి.

కనెక్షన్ మీ పేరు మీదుంది కాబట్టి బాకీ మిగిలితే మిగతా ముగ్గురికి ఏమీ కాదు. టెలికాం బాకీలు క్రెడిట్ రిపోర్టుల్లోకి ఎక్కే వీలుంది. రేపు ఉద్యోగం వచ్చి బండి లోనుకి వెళ్తే, పాత రూమ్ నెట్ బాకీ అక్కడ కనిపించొచ్చు. మీ తర్వాత రూమ్‌లోకి వచ్చేవాళ్లు ‘ఉండనీ అన్నా, మేం కట్టుకుంటాం’ అంటే, కనెక్షన్ వాళ్ల పేరు మీదికి మార్చుకుంటేనే ఒప్పుకోండి.

ప్రశ్న: గడువు ఆదివారం పడితే సోమవారం కట్టొచ్చా?
– పుత్తూరు

జవాబు: అలా లెక్కపెట్టుకోకండి. యూపీఐ సెలవు రోజుల్లోనూ పనిచేస్తుంది, 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ కూడా అన్ని రోజులూ నడుస్తోంది. కాబట్టి ఆదివారం కట్ కాదులే అన్న ధీమా కూడా వద్దు. మూతపడేది నగదు తీసుకునే కౌంటర్లు మాత్రమే. కౌంటర్లోనే కట్టే అలవాటుంటే శుక్రవారమే వెళ్లండి. చెక్కు ఇచ్చేవాళ్లయితే ఇంకా ముందు ఇవ్వాలి, ఎందుకంటే చాలాచోట్ల చెక్కు ఇచ్చిన రోజు కాక డబ్బు జమైన రోజునే లెక్కలోకి తీసుకుంటారు.